ఏ దేశపు పండో చెప్పాల్సిందే!

‘టమాటాలు పచ్చివి తినొద్దు...’ 2008 జూన్‌లో అమెరికాలో ఎక్కడ విన్నా ఇదే మాట. సాల్మొనెల్లా బ్యాక్టీరియా సోకి జనం జ్వరం, విరేచనాలతో ఆసుపత్రులకు పరుగులు పెడుతున్నారు. అధికారుల అనుమానమంతా టమాటా మీదే. హోటళ్లు శాండ్‌విచ్‌లో టమాటా ముక్క పెట్టడం మానేశాయి. సూపర్‌మార్కెట్లలో అరలు ఖాళీ అయ్యాయి. ఫ్లోరిడా రైతులు పంట అమ్ముకోలేక లబోదిబోమన్నారు.

తీరా జులైలో తేలిందేమిటి? మెక్సికోలో పండిన మిరపకాయల్లో ఆ బ్యాక్టీరియా కనిపించింది! అక్కడి ఒక పొలానికి పారించే నీళ్లలోనూ ఉంది. మొత్తం 1,400 మందికి పైగా జబ్బుపడ్డారు. టమాటా మీద హెచ్చరికను జులై 17న ఎత్తేశారు. అప్పటికే రైతుకు జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

ఆ గందరగోళంలో ఇల్లాళ్లకు ఓ చిక్కు వచ్చింది. ఫలానా రాష్ట్రాలు, దేశాల టమాటాలు నిక్షేపంగా తినొచ్చంటూ అధికారులు జాబితా ఇచ్చారు. బాగానే ఉంది. కానీ బుట్టలో ఉన్న కాయ ఎక్కడిదో తెలిస్తే కదా!

బోర్డు పెట్టాల్సిందే

ఆ ఏడాదే సెప్టెంబరు 30 నుంచి అమెరికాలో తాజా పండ్లు, కూరగాయలు ఏ దేశంలో పండాయో దుకాణదారు చెప్పాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. చట్టం 2002లోనే చేశారు. అమలే వాయిదా పడుతూ వచ్చింది. ఫ్లోరిడా రాష్ట్రమైతే 1979లోనే ఇలాంటి చట్టం తెచ్చుకుంది.

ప్రతి కాయకూ స్టిక్కర్ అంటించనక్కర్లేదు. రాశి పక్కన బోర్డు పెట్టినా చాలు. అమెరికాలోనే పండితే రాష్ట్రం పేరు రాసినా సరిపోతుంది. విడిగా గడ్డకట్టించిన బఠాణీలకూ ఇదే రూలు. అవే బఠాణీలు క్యారెట్ ముక్కలతో కలిపి ప్యాకెట్లో వస్తే మాత్రం మినహాయింపు! హోటళ్లకూ వర్తించదు. ఏడాదికి 2,30,000 డాలర్ల లోపు పండ్లు, కూరగాయలు కొనే చిన్న దుకాణాలకూ అంతే.

గొడ్డుమాంసం, పందిమాంసం విషయంలో కెనడా, మెక్సికో ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసి గెలిచాయి. దాంతో 2015 డిసెంబరులో వాటిని జాబితా నుంచి తీసేశారు. పండ్లు, కూరగాయలు మాత్రం ఇంకా ఉన్నాయి.

అక్కడి తెలుగిళ్లలోనూ...

అక్కడ స్థిరపడిన మనవాళ్లు బెండకాయ పులుసు పెట్టుకుందామని దుకాణానికి వెళ్తే, బోర్డు మీద హోండురస్ అనో మెక్సికో అనో కనిపించవచ్చు. మామిడిపండ్లూ ఎక్కువగా మెక్సికోవే. మన దేశపు మామిడికి అమెరికా 2007లో మళ్లీ తలుపులు తెరిచింది. అదీ పురుగు లేకుండా వికిరణ ప్రక్రియ జరిపాకే.

అంకెలు చూసి మోసపోవద్దు

ఆపిల్ మీద చిన్న స్టిక్కర్, దానిపై నాలుగంకెలు... అది దేశం గుర్తు అనుకుంటారు చాలామంది. కాదు. రకాన్ని, పరిమాణాన్ని బట్టి బిల్లు వేయడానికి వాడే సంఖ్య అది. ముందు 9 చేరి అయిదంకెలైతే సేంద్రియ పంట అని అర్థం. దేశం తెలియాలంటే స్టిక్కర్ మీది అక్షరాలు చదవాల్సిందే.

మన దగ్గర, విదేశాల నుంచి ప్యాకెట్లలో వచ్చే సరుకు మీద ఆ దేశం పేరు ఉండాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. బండి మీద విడిగా అమ్మే పండు సంగతి అడిగి తెలుసుకోవాలి.

ఒక్క మాట. దేశం పేరు ఉన్నంత మాత్రాన పండు శుభ్రమైనదని కాదు, పరాయి దేశానిదైతే చెడ్డదనీ కాదు. ఎక్కడిదో తెలిస్తే ఏరుకునే హక్కు కొనేవాళ్ల చేతిలో ఉంటుంది. ఏ తప్పూ చేయని రైతు పంట చెత్తకుప్ప పాలు కాకుండానూ ఉంటుంది. ఇంటికి తెచ్చాక కడుక్కోవడం మాత్రం ఏ దేశపు కాయకైనా తప్పదు!