టపాపెట్టెలో చెత్త: వడపోత ఎలా జరుగుతుంది?

రాయ్‌పూర్ ఎన్.ఐ.టి.లో సీటు విషయమై మీకొక ఉత్తరం రావలసి ఉందనుకోండి. జవాబివ్వడానికి గడువు నాలుగు రోజులే. ఈ-మెయిల్ పెట్టె తెరిచి చూశారు. మీరు కొనని టికెట్టుకు లాటరీ బహుమతి, పదిరోజుల్లో బరువు తగ్గించే మందు, ఇంట్లో కూర్చుని వేలు సంపాదించే ఉద్యోగం, అన్నీ వచ్చాయి. రావలసిన ఉత్తరం మాత్రం కనిపించలేదు. అది నిజంగా రాలేదా? లేక వచ్చి, 'స్పామ్' అనే అరలో పడి ఉందా? చెత్తను ఏరివేసే యంత్రం మంచి ఉత్తరాన్ని కూడా ఎందుకు పారేస్తుంది? దీని వెనుక ఒక చిన్న లెక్క ఉంది. అది తెలుసుకుందాం.

ఈ బెడద ఎప్పటిది?

మనం అడగకుండానే ఒకేసారి వేలమందికి పంపే ఉత్తరాలను స్పామ్ అంటారు. 1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గారీ థ్యూర్క్, తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకే సందేశం పంపాడు. మొదటి స్పామ్‌గా దానినే చెబుతారు. పేరు మాత్రం హార్మెల్ కంపెనీ 1937లో అమ్మకానికి తెచ్చిన డబ్బా మాంసానిది. 1970లో మాంటీ పైథాన్ అనే హాస్యబృందం టెలివిజన్‌లో ఒక హోటలు దృశ్యం ప్రదర్శించింది. అందులో ఏ వంటకం అడిగినా స్పామే. ఆ మాట హోరులో మరేదీ వినిపించదు. ఆ పోలికే ఈ ఉత్తరాలకు అతికింది.

ఇవి ఇంతగా పెరగడానికి కారణం ఖర్చు. తపాలా ఉత్తరానికి ప్రతిసారీ స్టాంపు అంటించాలి. ఈ-మెయిల్‌కు మొదటి ఉత్తరానికీ లక్షవ ఉత్తరానికీ ఖర్చులో పెద్ద తేడా లేదు. లక్షమందిలో ఒక్కరు నమ్మినా పంపినవాడికి లాభమే.

కవరు మీద పేరు ఎవరైనా రాయవచ్చు

విశాఖపట్నం నుంచి రాయ్‌పూర్‌కు ఒక కవరు వచ్చిందనుకోండి. దాని వెనుక పంపినవారి పేరు ఏదైనా రాసి ఉండవచ్చు. కాని తపాలా ముద్ర చూస్తే అది ఏ ఊళ్లో పడిందో తెలుస్తుంది. ఈ-మెయిల్‌ను చేరవేసే ఎస్.ఎం.టి.పి. అనే నియమావళిని 1982లో రూపొందించినప్పుడు ఈ నెట్‌వర్కులను వాడేవారు కొద్దిమందే. అందువల్ల 'పంపినవారు' అన్నచోట రాసిన పేరు నిజమో కాదో తనిఖీ చేసే ఏర్పాటు అందులో లేదు.

ఆ లోటును తర్వాత మూడు పద్ధతులతో పూడ్చారు. మా పేరుతో ఉత్తరాలు పంపే హక్కు ఫలానా కంప్యూటర్లకే ఉందని సంస్థ ముందుగా ప్రకటించడం ఎస్.పి.ఎఫ్. ఉత్తరం మీద లక్కముద్ర లాంటి సంకేత సంతకం వేయడం డికెఐఎం. ఈ పరీక్షల్లో తప్పిన ఉత్తరాన్ని స్పామ్ అరలో వేయాలా, తిప్పికొట్టాలా అన్నది సంస్థే చెప్పడం డిమార్క్. రోజుకు 5,000కు మించి ఉత్తరాలు పంపేవారు ఈ మూడింటినీ పాటించాలని 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నిబంధన పెట్టింది.

అయితే ముద్ర అసలుదైనంత మాత్రాన ఉత్తరంలోని విషయం నిజమని అర్థం కాదు. మోసగాడు కూడా సొంత చిరునామా కొనుక్కుని సక్రమంగా ముద్ర వేయించుకోగలడు. కాబట్టి లోపలి మాటలనూ చూడాలి.

మాటలను తూచే లెక్క

పద్దెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల మతాచార్యుడు థామస్ బేస్ ఆలోచించిన సంభావ్యతా సూత్రం ఇక్కడ పనికివచ్చింది. ఆయన మరణానంతరం 1763లో ఆ వ్యాసం వెలువడింది. 1998లో మెహ్రాన్ సహామీ, ఆయన సహచరులు దాన్ని ఈ-మెయిల్ వడపోతకు వాడి చూపారు. 2002లో పాల్ గ్రాహమ్ రాసిన వ్యాసంతో ఆ పద్ధతి బాగా వ్యాపించింది.

ఒక ఉదాహరణ చూడండి. మీకు వచ్చిన 100 ఉత్తరాల్లో 60 చెత్త, 40 మంచివి అనుకుందాం. 'అభినందనలు' అన్న మాట చెత్తలో 30 ఉత్తరాల్లో, మంచివాటిలో 2 ఉత్తరాల్లో ఉంది. అంటే ఆ మాట ఉన్న 32 ఉత్తరాల్లో 30 చెత్తే. దాదాపు 94 శాతం. 'కౌన్సెలింగ్' అన్న మాట చెత్తలో 3 ఉత్తరాల్లో, మంచివాటిలో 20 ఉత్తరాల్లో ఉంది.

ఇప్పుడు రెండు మాటలూ ఉన్న ఉత్తరం వచ్చింది. ఒక మాటకూ మరో మాటకూ సంబంధం లేదని యంత్రం అనుకుంటుంది. చెత్త వైపు 60 × 30/60 × 3/60 = 1.5. మంచి వైపు 40 × 2/40 × 20/40 = 1. మొత్తం 2.5లో 1.5 చెత్త వైపు ఉంది. అంటే ఆ ఉత్తరం చెత్త అయ్యే అవకాశం 60 శాతం. అది మీరు ఎదురుచూస్తున్న అసలు ఉత్తరమే కావచ్చు!

రెండు పొరపాట్లూ ఒకటి కావు

యాభై శాతం దాటితే పారేయమని యంత్రానికి చెబితే మీ సీటు పోయినట్లే. తొంభై అయిదు దాటితేనే పారేయమంటే ఈ ఉత్తరం నిలుస్తుంది. దానితోపాటు కొంత చెత్త కూడా లోపలికి వస్తుంది. గీతను ఎక్కడ గీసినా ఏదో ఒక పొరపాటు తప్పదు. చెత్తను లోపలికి రానిస్తే ఒక నిమిషం వృథా. మంచిదాన్ని పారేస్తే ఒక సంవత్సరం వృథా కావచ్చు. కాని లోపలికి వచ్చిన చెత్తను నమ్మి డబ్బు కడితే ఆ నష్టమూ చిన్నది కాదు. నేటి వడపోత యంత్రాలు ఇంతకంటె ఎన్నో లక్షణాలను పరిశీలిస్తాయి. అయినా ఈ చిక్కు అలాగే ఉంది. అందుకే చివరి తనిఖీ మీదే.

మీరు చేయవలసినవి

ప్రవేశాలు, ఫలితాల రోజుల్లో స్పామ్ అరను రోజూ ఒకసారి చూడండి. జీమెయిల్‌లో ఆ అరలో పడినవి 30 రోజుల తర్వాత వాటంతటవే చెరిగిపోతాయి.

మంచి ఉత్తరం అక్కడ కనిపిస్తే చదివి ఊరుకోకండి. 'స్పామ్ కాదు' అన్న మీట నొక్కండి. చెత్త లోపలికి వస్తే 'స్పామ్' అని గుర్తించండి. పై లెక్కలోని అంకెలు మారేది అలాగే.

పంపినవారి పేరు కాదు, పూర్తి చిరునామా చదవండి. 'ఏసీ డాట్ ఇన్'తో ముగిసే పేర్లను ఎర్నెట్ ఇండియా విద్యా, పరిశోధన సంస్థలకే ఇస్తుంది. కళాశాల పేరు చెప్పి మరో రకం చిరునామా నుంచి ఫీజు అడిగితే, కళాశాలకు ఫోను చేసి కనుక్కోండి. ఆ ఫోను నంబరు ఉత్తరంలోనిది కాకూడదు.

మీరు పేరు నమోదు చేసుకున్న దుకాణం ప్రకటనలు వద్దనుకుంటే చందా రద్దు మీట వాడండి. ముక్కూమొగం తెలియనివాడి ఉత్తరంలో ఆ మీట నొక్కవద్దు. ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని వాడికి మీరే చెప్పినట్లవుతుంది.

మోసపోయి డబ్బు కట్టినట్లయితే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.