ట్రక్కు టైరు ఎందుకు ఒరుసుకుంటుంది?



వార్షిక సంచిక అనగానే కవిత రాయాలా, కథ రాయాలా అని ఆలోచిస్తాం. ఈసారి మేము ట్రాక్టరు ట్రక్కు గురించి రాస్తున్నాం. మనలో చాలామంది ఇళ్ళలో నాన్నో, అన్నో, మామయ్యో ట్రాక్టరు మీద జీతానికి ఉన్నవారే. మిరపకోతలకు మన అమ్మలు, అక్కలు ఎక్కి వెళ్ళేది కూడా ఆ ట్రక్కే. అది సరుకు మోసే బండి. మనుషుల్ని ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. అయినా పని దొరకాలంటే ఎక్కక తప్పడం లేదు. కాబట్టి దాని టైరు పేలితే పోయేది యజమాని డబ్బు ఒక్కటే కాదు.

మా నాన్న 18 ఏళ్ళుగా ట్రాక్టరు డ్రైవరు. పోయిన మిరప సీజనులో ఆయన తోలే రెండు చక్రాల ట్రక్కుకు కుడివైపు టైరు రెండు నెలల్లోనే పాడైంది. కొత్తది వేస్తే అదీ ఒరుసుకుపోవడం మొదలైంది. "గుంతలు చూసుకోకుండా తోలుతున్నావు" అంటూ యజమాని మొదటి టైరు ఖరీదులో సగం నాన్న జీతంలో పట్టుకున్నాడు. రెండోది కూడా పట్టుకుంటానన్నాడు. మడ్‌గార్డు అంచు కోసేస్తే సరిపోతుందని ఒకరు, కమాను కట్టకు ఇంకో పట్టీ ఎక్కించమని ఇంకొకరు సలహా ఇచ్చారు. ఎం.ఎస్సీ. ఫిజిక్సు చదువుతూ సంక్రాంతి సెలవులకు మేము ఇంటికి వెళ్ళింది అప్పుడే. నాన్న, తమ్ముడు, మేము కలిసి ఒక టేపు, ఒక సుద్దముక్క, ఒక నోటుబుక్కు పట్టుకుని ట్రక్కు దగ్గర కూర్చున్నాం. ఆ రోజు తెలుసుకున్నదే ఈ వ్యాసం.

కమాను చేసే పని:

ట్రక్కు బాడీకీ ఇరుసుకూ మధ్య విల్లులా వంగి ఉండే ఉక్కు పట్టీల కట్టే కమాను. బరువు పడితే ఆ వంపు తగ్గుతుంది. బాడీ కిందికి దిగుతుంది. టైరు మాత్రం నేల మీదే ఉంటుంది. అంటే ఖాళీ బండికి టైరు పైన 5 అంగుళాల జాగా ఉన్నా, లోడు వేశాక అది 2 అంగుళాలే కావచ్చు. గుంతలో పడినప్పుడు అదీ మిగలదు. అందువల్ల ఖాళీ బండిని చూసి "జాగా బాగానే ఉంది" అనుకోకూడదు. లోడు లేనప్పుడు ఒకసారి, లోడుతో ఒకసారి, రెండువైపులా కొలవాలి.

ముందు మచ్చను చూడాలి:

టైరు తగిలిన చోట మడ్‌గార్డు మీద రంగు పోయి ఇనుము మెరుస్తుంది. ఆ మెరుపు ఎక్కడుందో చూస్తే సగం కారణం తెలిసినట్టే.

1. మచ్చ నడినెత్తిన ఉండి, లోడుతోనే తగులుతుంటే: కమాన్లు చచ్చుబడి ఉండాలి, లేదా పట్టీ విరిగి ఉండాలి, లేదా బరువు మించి ఉండాలి. పాత టైరు కన్నా పెద్ద సైజు వేసినా ఇలాగే తగులుతుంది.

2. ఒక్క పక్కే తగులుతుంటే: ఆ పక్క కమాను బలహీనపడి ఉండవచ్చు, లేదా సరుకు ఆ పక్కకే పేర్చి ఉండవచ్చు. బండిని చదునైన నేల మీద నిలిపి, ఇరుసు నుంచి ఛాసిస్ దాకా రెండు పక్కలా కొలిస్తే తేడా తెలుస్తుంది.

3. మడ్‌గార్డు ముందు అంచుకో వెనక అంచుకో తగులుతుంటే: ఇరుసు తన చోటు నుంచి జరిగింది.

4. టైరు లోపలి పక్క ఒరుసుకుంటుంటే: బేరింగు వదులు కావడం, రిమ్ము వంగడం, చక్రం నట్లు వదులు కావడం, కొలతకు సరిపడని రిమ్ము వేయడం, వీటిలో ఏదో ఒకటి. చక్రం పైకి లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగు వదులు చేతికి తెలుస్తుంది. చక్రాన్ని తిప్పితే రిమ్ము వంకర కంటికి కనిపిస్తుంది.

5. రెండు టైర్లూ లోపలి అంచు దగ్గరే అరుగుతుంటే: అధిక బరువుకు ఇరుసు నడుమ కిందికి వంగి, చక్రాల పైభాగాలు లోపలికి వాలి ఉండవచ్చు.

మా ట్రక్కులో దొరికినది:

మా మచ్చ వెనక అంచు మీద ఉంది. ట్రాక్టరుకు తగిలించే పిన్ను రంధ్రం నుంచి ఒక్కో చక్రం నడుమకు టేపు పట్టాం. రెండు కొలతలూ సమానంగా ఉండాలి. కుడివైపు అంగుళంపావు ఎక్కువ వచ్చింది. ఇరుసు కుడి కొస వెనక్కి పోయిందన్నమాట. అలాంటప్పుడు ట్రక్కు ట్రాక్టరు వెనక వంకరగా నడుస్తుంది, టైర్లు అడ్డంగా ఈడ్చుకుపోతూ త్వరగా అరుగుతాయి.

ఎందుకు పోయిందని వెతికితే, పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగి ఉంది. అదెందుకు తెగింది? కమానును ఇరుసుకు బిగించే యూ బోల్టులు వదులుగా ఉన్నాయి. అవెందుకు వదులయ్యాయి? సీజనుకు ముందు కమాన్లు కొత్తవి వేశారు. కొత్త పట్టీలు మొదటి కొన్ని లోడ్లకు ఒకదాని మీద ఒకటి సర్దుకుంటాయి. అప్పుడు యూ బోల్టులు మళ్ళీ బిగించాలి. ఎవరూ బిగించలేదు. బరువంతా సెంటర్ బోల్టు మీద పడి అది తెగింది. ఇందులో తోలేవాడి తప్పు ఎక్కడుంది?

చేయకూడని పనులు:

మడ్‌గార్డు కోస్తే మచ్చ పోతుంది, జబ్బు పోదు. మా విషయంలో ఇరుసు ఇంకా వెనక్కి జరిగేది. పట్టీలు పెంచితే కమాను గట్టిపడుతుందే గాని ఇరుసు, టైర్లు మోయగల బరువు పెరగదు. ఇరుసుకూ కమానుకూ మధ్య దిమ్మలు పెట్టి బాడీని ఎత్తు చేస్తే కాలవగట్ల మీద బండి తిరగబడే ప్రమాదం పెరుగుతుంది.

పరీక్షించేటప్పుడు ట్రక్కును ట్రాక్టరుకు తగిలించే ఉంచి, హ్యాండు బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాలి. జాకీని నమ్మి కిందికి దూరకూడదు. బలమైన దిమ్మలు ఆసరా పెట్టాలి. పైకి లేపిన తొట్టి కిందికి ఆసరా లేకుండా తల కూడా పెట్టవద్దు.

ఈ పరీక్షలు కమాన్లున్న ఏ ట్రైలరుకైనా పనికొస్తాయి. పడవలు మోసే ట్రైలర్లు ఉప్పునీళ్ళలో దిగుతాయి గనుక వాటి పట్టీలు, బోల్టులు తుప్పుకు మరీ త్వరగా తింటాయి. వాటిని ఇంకా తరచుగా చూసుకోవాలి.

టైరు మీది అక్షరాలు:

పని చేస్తుండగా నాన్న టైరు మీద వేలు పెట్టి, "ఇన్నేళ్ళుగా చూస్తున్నా, ఇదేం రాసుందిరా?" అని అడిగారు. చదివి చెప్పాం. 9.00-16 అంటే టైరు వెడల్పు సుమారు 9 అంగుళాలు, రిమ్ము వ్యాసం 16 అంగుళాలు. పి.ఆర్. పక్కన ఉన్న అంకె టైరు బలాన్ని చెబుతుంది. దాని దగ్గరే ఆ టైరు ఎంత గాలితో ఎన్ని కిలోలు మోయగలదో ఉంటుంది. మోయగల బరువు విని నాన్న కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "మరి మనం వేసేదెంత?" అన్నారు. బస్తాలు లెక్కవేశాం. ఎక్కువే వచ్చింది.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవారు మాకు ముందు లేరు. ఈ హాస్టల్లో నేర్చిన చదువు మా నాన్న పనికి ఉపయోగపడింది ఆ రోజే మొదలు. అలాగని అంతా మేమే కనిపెట్టామని చెప్పడం లేదు. బండి వంకరగా నడుస్తోందని నాన్న నెల ముందే చెప్పారు. ఆయన మాటను ఎవరూ లెక్కచేయలేదు. మేము చేసిందల్లా ఆ మాటకు కొలతలు చేర్చి కాగితం మీద పెట్టడమే.

కొత్త సెంటర్ బోల్టు, యూ బోల్టులు వేసి ఇరుసు సరిచేయించాం. పది లోడ్ల తర్వాత నాన్న మళ్ళీ బిగించారు. కాగితం చూసిన యజమాని రెండో టైరు డబ్బు పట్టుకోలేదు. మొదట పట్టుకున్నది మాత్రం తిరిగి ఇవ్వలేదు. బస్తాలు తగ్గించమని నాన్న ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

తమ్ముళ్ళూ! ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంటివాళ్ళు పనిచేసే బండి దగ్గర ఒక గంట కూర్చోండి. వాళ్ళు చెప్పేది ముందు వినండి. తర్వాత టేపు తీయండి. కొలిచింది తేదీ వేసి నోటుబుక్కులో రాసి పెట్టండి.