నస్పూరు బొగ్గు – శక్తి నడచు దారి

శక్తి యను మాటను మనము దినమునకు పదిమార్లు వాడుచుందుము. జ్వరము నుండి లేచినవాడు ఒంట శక్తి లేదనును. ఎద్దుల శక్తిని చూచి రైతు మడక కట్టును. పదార్థ విజ్ఞానమున ఈ మాటకు నిర్దిష్టమైన అర్థము కలదు. పని చేయగల సామర్థ్యమే శక్తి. నూరు గ్రాముల బరువును ఒక మీటరు ఎత్తునకు లేపినచో సుమారు ఒక జూలు శక్తి వినియోగమగును. పందొమ్మిదవ శతాబ్దమున, 1840 ప్రాంతములందు, జర్మనీ వైద్యుడు మేయరు, ఇంగ్లండు దేశీయుడు జూలు మున్నగువారు ఒక గొప్ప నియమమును స్థాపించిరి. శక్తి పుట్టదు, నశింపదు. ఒక రూపము విడిచి మరియొక రూపము దాల్చును.

ఈ నియమము వినినవారికి ఒక సందేహము కలుగుట సహజము. శక్తి నశింపనిదే యైనచో బొగ్గు తరిగిపోవుచున్నదని చింతించుట ఎందులకు? విద్యుత్తును పొదుపు చేయుడని ప్రభుత్వములు చాటుట ఎందులకు? ఈ ప్రశ్నకు సమాధానము గ్రంథములలో వెదకుటకంటె మంచిర్యాల జిల్లాయందలి నస్పూరు నుండి ఒక బొగ్గుపెళ్ల వెంట కొంతదూరము నడచి తెలిసికొనుట సులభము.

నస్పూరు ఒకప్పటి ఆదిలాబాదు జిల్లాలోనిది. దానికి దక్షిణమున గోదావరి ప్రవహించుచున్నది. ఈ ఊరును ఆనుకొనియున్న శ్రీరాంపురము ప్రాంతమున సింగరేణి సంస్థకు భూగర్భ గనులును, పైకప్పు తొలగించి త్రవ్వెడు ఓపెన్‌కాస్టు గనులును కలవు. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగు ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొనెను. 1889లో అచ్చట త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. గోదావరి లోయ వెంబడి వ్యాపించిన ఈ బొగ్గుపొరలు గోండ్వానా శిలలకు చెందినవి. గోండుల సీమ పేరే ఆ శిలలకు పేరయ్యెను.

ఆ బొగ్గులోని శక్తి ఎచ్చటిది? సుమారు ఇరువదియైదు ముప్పది కోట్ల సంవత్సరముల క్రిందట ఇచ్చట బురదనేలలయందు దట్టముగా చెట్లు పెరిగినవి. అవి ఎండను గ్రహించి, గాలిలోని బొగ్గుపులుసు వాయువు నుండి కర్బనమును తీసి, కొమ్మలుగా ఆకులుగా కూర్చుకొనినవి. అవి కూలి, నీటిలో మునిగి, ఇసుక క్రిందను మట్టి క్రిందను నలిగి బొగ్గయినవి. కనుక గనికార్మికుడు తవ్వి తీయునది ఆనాటి ఎండయే. సూర్యుని వెలుగు రసాయనశక్తి రూపమున నేలలో నిదురించుచున్నది.

బొగ్గును పైకి తెచ్చుట మొదటి మెట్టు. గని లోతు మూడు వందల మీటర్లనుకొందము. ఒక టన్ను బొగ్గును అంత ఎత్తునకు లేపుటకు సుమారు 29 లక్షల జూళ్ల శక్తి కావలెను. విద్యుత్తు కొలతలో ఒక యూనిట్ అనగా 36 లక్షల జూళ్లు. అనగా ఒక యూనిట్ కూడ పట్టదు. పైకి వచ్చిన బొగ్గునందు ఈ శక్తి స్థితిజశక్తిగా నిలిచియుండును. అది జారిపడినచో చలనరూపమున గతిజశక్తి యగును. అదే టన్ను బొగ్గు కాలినపుడు వెలువడు వేడిమి ఎంత? కిలోకు నాలుగువేల కిలోకాలరీల రకమైనచో సుమారు 4,650 యూనిట్లు! ఎత్తుటకు పెట్టిన దానికి కొన్ని వేల రెట్లు. బొగ్గు మానవుని చరిత్రనే మార్చుటకు కారణమిదియే. అయితే ఈ లెక్కయందు కార్మికుని చెమట, పైకప్పు కూలునేమో యను భయము, మీథేను వాయువు అంటుకొనునేమో యను జాగరూకత చేరలేదు. వానిని జూళ్లలో కొలువలేము.

ఇక ఈ బొగ్గు విద్యుత్కేంద్రమును చేరును. నస్పూరునకు చేరువనే జైపూరు మండలమున సింగరేణి వారి కేంద్రము కలదు. దానిలో 600 మెగావాట్ల యంత్రములు రెండు 2016లో పని మొదలిడినవి. గోదావరికి ఆవలి గట్టున రామగుండమునందు ఎన్.టి.పి.సి. వారి పెద్ద కేంద్రము కలదు; దాని మొదటి యంత్రము 1983లో నడచెను. అచ్చట బొగ్గును పిండిగా నూరి కొలిమిలోనికి ఊదుదురు. కర్బనము ఆమ్లజనితో కలిసి మండును. ఆ వేడిమికి నీరు ఆవిరియై, సుమారు 540 సెంటిగ్రేడు డిగ్రీల వేడితో, మిక్కుటమైన ఒత్తిడితో టర్బైను రెక్కలపై పడును. రెక్కలు గిర్రున తిరుగును. రసాయనశక్తి ఉష్ణమై, ఉష్ణము చలనమైనది.

మన ప్రశ్నకు సమాధానము ఇచ్చటనే దొరకును. టర్బైనును త్రిప్పిన ఆవిరిని చల్లార్చి తిరిగి నీరు చేయనిదే యంత్రము నడవదు. అట్లు చల్లార్చునపుడు వేడిమిలో అధికభాగము చల్లనినీటికి పోవును. విద్యుత్కేంద్రమున కుండవలె నడుము సన్నగించిన బ్రహ్మాండమైన గోపురముల నుండి తెల్లని మేఘమువలె పైకి పోవుచున్నది ఆ వేడిమియే. నూరుపాళ్ల వేడిమిలో విద్యుత్తగునది సుమారు ముప్పదియైదు పాళ్లు మాత్రమే. ఇది ఇంజనీర్ల లోపము కాదు. ఉష్ణమంతయు పనిగా మారజాలదని ప్రకృతి విధించిన హద్దు కలదు. 1824లో ఫ్రాన్సు దేశపు కార్నో ఈ హద్దును ఎత్తిచూపెను. గోపురము నుండి పోయిన శక్తి నశింపలేదు. గాలిలో, నీటిలో గోరువెచ్చని వేడిగా చెదరియున్నది. కాని దానిని తిరిగి ప్రోగుచేసి దీపము వెలిగించుకొనలేము. గాదెలోని ధాన్యము పొలమంతట చల్లబడినట్లే. గింజ పోలేదు, కుండలోనికి మాత్రము రాదు.

టర్బైనుతోపాటు ఒక బలమైన విద్యుదయస్కాంతము తిరుగును. అయస్కాంతము తీగచుట్ట చెంత కదలినచో తీగలో విద్యుత్తు పుట్టునని 1831లో ఫారడే కనుగొనెను. జైపూరు నందైనను, రామగుండము నందైనను జరుగునది ఫారడే చేసిన చిన్న ప్రయోగమే. అయస్కాంతము నిమిషమునకు 3,000 మార్లు, అనగా క్షణమునకు 50 మార్లు తిరుగును. కనుక మన ఇండ్లలోని విద్యుత్తు ఒకే దిక్కున పారు కాలువవంటిది కాదు. క్షణమునకు 50 ఆవృత్తులతో ముందునకు వెనుకకు ఊగునది.

దీనిని దూరదేశమునకు పంపునపుడు నాలుగు లక్షల వోల్టులవరకు పెంచుదురు. కారణము తెలియదగినది. తీగ వేడెక్కుటచే కలుగు నష్టము ప్రవాహముయొక్క వర్గమునుబట్టి పెరుగును. వోల్టేజిని పదిరెట్లు పెంచినచో అంతే శక్తిని పదవ వంతు ప్రవాహముతో పంపవచ్చును. నష్టము నూరవ వంతునకు దిగును. పొలములమీదుగా సాగు ఎత్తైన స్తంభముల రహస్యమిది.

శక్తి పయనించుటకు తీగలే కావలెనని లేదు, తరంగములు చాలును. ఓపెన్‌కాస్టు గనిలో మందుపాతర పేల్చినపుడు ఒక కిలోమీటరు దూరమునందలి ఇంటివారికి మొదట కాళ్లక్రింద నేల అదరును. పిమ్మట చప్పుడు వినవచ్చును. గట్టిరాతిలో కంపనము క్షణమునకు మూడువేల మీటర్లకు పైగా పోగలదు. గాలిలో ధ్వని సుమారు 340 మీటర్లే పోవును. కనుక నేల అదురు అరక్షణములోపల, చప్పుడు సుమారు మూడు క్షణములకు చేరును. గనిలోని రాయి ఇంటివద్దకు రాలేదు. రాతికణములు తమ చోటనే ఊగి శక్తిని ప్రక్క కణములకు అందించినవి. తరంగమనగా ఇదియే: పదార్థము నిలిచియుండును, శక్తి సాగిపోవును. రేడియో తరంగమునకు ఆ పదార్థము కూడ అక్కరలేదు. ఆదిలాబాదు ఆకాశవాణి 100.2 మెగాహెర్ట్జ్ పై చేయు ప్రసారమున ఒక్కొక్క తరంగము పొడవు సుమారు మూడు మీటర్లు. వేగము క్షణమునకు ముప్పదికోట్ల మీటర్లు. ఆ ప్రసారమును వినువారి చెవిని తాకునది కూడ ఒకనాటి ఎండయే కావచ్చును.

ఇక లెక్క ఇంటికి వత్తము. ముప్పదియైదు పాళ్లే విద్యుత్తగునని చెప్పుకొంటిమి. ఆ ప్రకారము ఒక యూనిట్ తయారగుటకు నాలుగువేల కిలోకాలరీల బొగ్గు సుమారు 600 గ్రాములు కావలెను. ఎవ్వరును లేని గదిలో 75 వాట్ల పంఖా దినమునకు నాలుగు గంటలు ఊరక తిరిగినచో ఏటికి సుమారు 110 యూనిట్లు. అనగా తీగలలోని నష్టమును లెక్కింపకయే 66 కిలోల బొగ్గు. ఇంటిలో ఒక యూనిట్ మిగిల్చినవాడు గనియొద్ద దాదాపు మూడు యూనిట్ల వేడిమిని మిగిల్చినవాడగును. మిగులునది బొగ్గు మాత్రమే కాదు. మన బొగ్గులో నూటికి ముప్పది నలుబది పాళ్లు బూడిద యుండుట సాధారణము. ఆ బూడిదను ఎచ్చటనో పోయవలెను. ఒక కిలో కర్బనము కాలినచో మూడున్నర కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరి భూమి వేడిమిని పెంచును. ఆ పొగ, ఆ బూడిద మొదట సోకునది గనిచుట్టునున్న ఊళ్లకే.

నస్పూరువంటి ఊళ్ల బ్రతుకు బొగ్గుతో ముడిపడియున్నది. గని మూతపడినచో కూలి పోవును. గని నడచినచో నిల్వ తరుగును. సింగరేణి సంస్థయే జైపూరు కేంద్రపు జలాశయముపై తేలెడు సౌరఫలకములను నెలకొల్పుట గమనింపదగిన మార్పు. కోట్ల ఏండ్ల క్రిందటి ఎండను త్రవ్వుటకు బదులు నేటి ఎండనే పట్టుకొనుటకు అది తొలి అడుగు. అయితే ఆ ఫలకముల ప్రక్కన నేటి గనికార్మికుని బిడ్డలకు పని దొరకవలెను గదా! ఆ ఏర్పాటును భౌతికశాస్త్రము చేయజాలదు, మనుష్యులే చేయవలెను.

శక్తి నశింపదు. నశించునది దాని అక్కర తీర్చు గుణము. కూడియున్నపుడు అది కొలిమి, యంత్రము, దీపము. చెదరినపుడు వట్టి గోరువెచ్చన. పొదుపు చేయుట యనగా శక్తిని కాపాడుట కాదు, దాని కూడికను కాపాడుట. అందులకు ప్రయోగశాల అక్కరలేదు. గది విడుచునపుడు మీటవైపు చాచిన చేయి చాలును.