జాతి కుక్కల పెంపకం: ముచ్చటతో పాటు బాధ్యత

పుత్తూరు: మహాప్రస్థానంలో ద్రౌపది, తమ్ములు ఒక్కరొక్కరుగా నేలకొరిగిన తరువాత ధర్మరాజు వెంట మిగిలినది ఒక శునకం మాత్రమే. దానిని విడిచి స్వర్గానికి రమ్మని ఇంద్రుడు పిలిచినా, నమ్మి వచ్చిన ప్రాణిని వదలి రావడానికి ఆయన సమ్మతించలేదు. ఆశ్రయించిన మూగజీవిని కడవరకు కాపాడాలన్న ధర్మాన్ని ఈ కథ బోధిస్తుంది. నేడు పట్టణాలలోనే కాక పల్లెలలో సైతం మేలుజాతి కుక్కలను పెంచుకోవాలన్న ఆసక్తి కనబడుతోంది. అయితే వేలాది రూపాయలు వెచ్చించి తెచ్చిన కూన పార్వో వ్యాధితో వారం తిరగకుండానే కన్నుమూయడం, పెరిగి పెద్దదైన కుక్కను పోషించలేక వీధిపాలు చేయడం, టీకా వేయించని పెంపుడు కుక్క ఇంట్లోని పసిబిడ్డనే కరవడం ఈ ఆసక్తికి మరో పార్శ్వం. కొనడానికి ముందే కొన్ని విషయాలు తెలుసుకున్నట్లయితే వీటిలో చాలావరకు నివారించవచ్చు.

విరిగిన ఎముకలకు వేసే కట్టుకు పేరుపొందిన పుత్తూరు, తిరుపతి - చెన్నై రహదారిపై నెలకొని ఉంది. ఇటు తిరుపతిలో 1955లో స్థాపితమైన పశువైద్య కళాశాల ఉంది. 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో ఇది భాగం. అటు చెన్నైలో జాతి కుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కేంద్ర కార్యాలయం ఉంది. వైద్యానికి, నమోదుకు రెండు వైపులా ఇంతటి సౌకర్యం ఉన్న ఈ ప్రాంతవాసులు వాటిని సద్వినియోగం చేసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

జాతి నిర్ణయం - ప్రదర్శనలు

ఆధునిక శునక ప్రదర్శనలకు 1859లో ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణంలో అంకురార్పణ జరిగింది. 1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్, 1896లో మన దేశంలో కెన్నెల్ క్లబ్ ఏర్పడ్డాయి. ఒక కుక్క జాతి ఏదో కేవలం రూపాన్ని చూసి నిర్ణయించరు. దాని తల్లిదండ్రులు, వారి తల్లిదండ్రులు ఎవరో తెలిపే వంశావళి పత్రం ఇందుకు ఆధారం. పత్రంలోని కుక్క, మన చేతికి వచ్చిన కుక్క ఒకటేనని నిర్ధారించేందుకు చర్మం కింద బియ్యపు గింజంత మైక్రోచిప్‌ను అమర్చుతారు.

ప్రదర్శనలో న్యాయనిర్ణేత ఒక కుక్కను పక్కనున్న మరో కుక్కతో పోల్చి మార్కులు వేస్తారని పలువురు భావిస్తారు. వాస్తవానికి ప్రతి కుక్కను ఆ జాతికి నిర్దేశించిన ప్రమాణంతో సరిచూస్తారు. పలువరుస, ఎముకల పొందిక, బొచ్చు, నడక, స్వభావం ఇందులో పరిశీలనాంశాలు. పరిచయం లేని వ్యక్తి తాకినప్పుడు బెదరక, కరవక నిలబడడం ముఖ్యం. ఇందుకు కూన వయసు నుంచే ఓర్పుతో శిక్షణ ఇవ్వాలి. కొట్టి నేర్పిన కుక్క భయంతో ముడుచుకుపోతుంది, లేదా తిరగబడుతుంది. అందం పేరిట తోక కత్తిరించడం, చెవులు కోయడం తగదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం జంతువుల అవయవాలను ఖండించడాన్ని నేరంగా పరిగణిస్తోంది.

మన వాతావరణానికి మన జాతులు

రాయలసీమ ఎండలు జగద్విదితం. దట్టమైన రెండు పొరల బొచ్చు గల సైబీరియన్ హస్కీ, సెయింట్ బెర్నార్డ్ వంటివి చలి ప్రదేశాలకు చెందినవి. ముక్కు అణగి ఉండే పగ్ వంటి జాతులు శ్వాస ద్వారా ఒంటి వేడిని తగినంతగా బయటకు పంపలేవు. ఇటువంటి కుక్కలను పెంచదలచినవారు వేసవిలో చల్లని గదిని ఏర్పాటు చేయగలమా అని ముందుగానే ఆలోచించుకోవాలి.

మన దేశవాళీ జాతులకు ఈ ఇబ్బంది తక్కువ. తమిళనాడుకు చెందిన రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటకకు చెందిన ముధోల్ వేటకుక్కలను కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ప్రత్యేక జాతులుగా నమోదు చేసింది. 2005లో తపాలా శాఖ విడుదల చేసిన నాలుగు శునకాల బిళ్లలలో రాజపాళయం, ముధోల్ చోటుచేసుకున్నాయి. రాయలసీమలోనే కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతంలోని పందికోన గ్రామం పేరు మీదుగా పిలిచే కుక్కలు ఇంటికి, మందకు కాపలాగా పేరు గడించాయి. అయితే వేటకుక్కలకు పరుగెత్తే స్థలం, ప్రతిదినం తగిన వ్యాయామం తప్పనిసరి. తెల్లని రాజపాళయం కూనలలో కొన్నింటికి పుట్టుకతోనే చెవుడు ఉండవచ్చు. కనుక కొనేముందు వెనుక నుంచి చప్పట్లు కొట్టి పరీక్షించుకోవడం మేలు.

చట్టం ఏమి చెబుతోంది

కుక్కల సంతానోత్పత్తి, విక్రయాలపై కేంద్ర ప్రభుత్వం 2017లో నియమావళిని ప్రకటించింది. దీని ప్రకారం కూనలను ఉత్పత్తి చేసి విక్రయించేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద విధిగా నమోదు కావాలి. 8 వారాలు నిండని కూనను విక్రయించరాదు. ఆడ కుక్కకు 18 నెలలు నిండిన తరువాతనే జతకట్టించాలి, 8 ఏళ్లు దాటిన తరువాత జతకట్టించరాదు. సంవత్సరానికి ఒక ఈతకు, జీవితకాలంలో 5 ఈతలకు మించరాదు.

ఈ పరిమితుల వెనుక సహేతుకమైన కారణం ఉంది. కుక్క చూలు కాలం సుమారు 63 దినాలు. ఎదకు వచ్చిన ప్రతిసారీ జతకట్టిస్తే తల్లి శరీరం కోలుకోదు, కూనలు బలహీనంగా పుడతాయి. దగ్గరి రక్తసంబంధం గల కుక్కలను జతకట్టిస్తే వంశపారంపర్య లోపాలు పైకి వస్తాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతులలో కానవచ్చే తుంటి కీలు లోపం ఈ కోవకు చెందినదే. అందువల్ల కొనుగోలుదారులు కూనతో పాటు దాని తల్లిని, అది ఉన్న పరిసరాలను స్వయంగా చూడాలి. నమోదు పత్రం, టీకాల కార్డు అడిగి తీసుకోవాలి. తల్లిని చూపించడానికి వెనుకాడే చోట కొనకపోవడమే శ్రేయస్కరం.

టీకాలు - సంరక్షణ

కూనకు 6 నుంచి 8 వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ టీకాలు ప్రారంభించి, 16 వారాలు నిండే వరకు మూడు నాలుగు వారాలకొకసారి వేయించాలి. 3 నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, పశువైద్యుని సూచన మేరకు ఏటా కొనసాగించాలి. నట్టల మందు క్రమం తప్పక పట్టించాలి. గోమార్లు రక్తాన్ని పీల్చడమే కాక ప్రాణాంతకమైన జ్వరాలను వ్యాపింపజేస్తాయి గనుక చెవులు, వేళ్ల సందులు ప్రతిదినం పరిశీలించాలి. ఉల్లిపాయ, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషతుల్యం. మండుటెండలో తారు రోడ్డుపై నడిపించరాదు. విపరీతంగా రొప్పుతూ తూలిపడితే వడదెబ్బగా గుర్తించి, నీడకు చేర్చి, ఒంటిని నీటితో తడిపి, గాలి తగిలేలా చేసి తక్షణమే పశువైద్యశాలకు తీసుకువెళ్లాలి. కాలు విరిగినప్పుడు సైతం ఇంటివద్ద కట్లు కట్టక పశువైద్యుని ఆశ్రయించాలి.

రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత మనిషిని బ్రతికించడం దాదాపు అసాధ్యం. మేలుజాతి కుక్క, ఇంట్లో పెరిగిన కుక్క అన్న భరోసా ఇక్కడ పనికిరాదు. కుక్క కరిచినా, గీరినా గాయాన్ని ధారగా కారే నీటితో, సబ్బుతో 15 నిమిషాల పాటు కడగాలి. సున్నం, కారం, పసుపు, కాఫీ పొడి పూయరాదు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, వైద్యులు సూచించిన టీకాలన్నీ పూర్తిగా వేయించుకోవాలి. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న ఒక బాలునికి తొలిసారిగా ఈ టీకా ఇచ్చి ప్రాణం నిలిపారు. ఆ సందర్భాన్ని పురస్కరించుకొని ఏటా జూలై 6న జరిగే ప్రపంచ జంతు సంక్రమిత వ్యాధుల దినోత్సవం నాడు రాష్ట్రంలోని పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితంగా టీకాలు వేయడం ఆనవాయితీ. పెంపుడు కుక్కలు గలవారు ఈ అవకాశాన్ని వినియోగించుకోవాలి.

కుక్క ఆయుర్దాయం పది నుంచి పదమూడేళ్లు. అన్నాళ్లూ తిండి, టీకాలు, వైద్యం, వ్యాయామం సమకూర్చగలమన్న నిశ్చయం కలిగిన తరువాతనే కూనను ఇంటికి తీసుకురావాలి. ఆకలిదప్పులకు లోనయ్యేలా జంతువును నిష్కారణంగా వదిలివేయడం సైతం 1960 చట్టం ప్రకారం నేరమే. పోషణ భారమైన పక్షంలో బాధ్యతగా చూసుకొనే మరొక కుటుంబానికి టీకాల కార్డుతో సహా అప్పగించాలే తప్ప రహదారి పక్కన విడిచిపెట్టరాదు.