బూజులో పుట్టిన మందు, డబ్బాలో దొరికే పసుపు

బెంగళూరు నుంచి హోసూరు రోడ్డు మీద వస్తుంటే అత్తిబెలెతో కర్ణాటక అయిపోతుంది. తెలుగు, కన్నడం, తమిళం ఒకే బేరంలో కలిసిపోయే ఈ సరిహద్దు ఊళ్లో కూడా, మన ఊళ్లన్నిటిలో లాగే, మందుల షాపుకు వచ్చేవాళ్ల మనసులో ఒక గీత ఉంటుంది. గీతకు ఇవతల డాక్టరు రాసిచ్చిన బీపీ మాత్రలు, కొలెస్టరాల్ మాత్రలు. అవి 'కెమికల్స్', తప్పక మింగేవి. అవతల పసుపు క్యాప్సూళ్లు, అశ్వగంధ, తిప్పతీగ రసం. అవి 'నేచురల్', కాబట్టి చీటీ అక్కర్లేదు, మోతాదు అడగక్కర్లేదు, సైడ్ ఎఫెక్టులు ఉండవు. ప్రకృతి పదార్థాలు మన ఒంట్లో ఏం చేస్తాయన్న పరిశోధనను కాస్త ఓపిగ్గా చూస్తే ఈ గీత ఎక్కడా నిలబడదు. పదార్థం చెట్టు నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అన్న ప్రశ్నకు ఆరోగ్యంతో సంబంధం చాలా తక్కువ. అది ఏ పదార్థం, ఎంత ఉంది, ఎవరి ఒంట్లోకి వెళ్తోంది, ఆ సంగతులు ఎవరైనా కొలిచి చూశారా అన్నవే పనికొచ్చే ప్రశ్నలు. దానికి సాక్ష్యం కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. అత్తిబెలె నుంచి అదే రోడ్డు మీద బెంగళూరు వైపు కొద్ది కిలోమీటర్లు వెనక్కి వెళ్తే చాలు.

బొమ్మసంద్రలో బయోకాన్ ఉంది. 1978లో కిరణ్ మజుందార్ షా మొదలుపెట్టినప్పుడు ఈ కంపెనీ సరుకు బొప్పాయి పాల నుంచి తీసే పపైన్ అనే ఎంజైము. ఆ తర్వాత బూజుల్ని, బాక్టీరియాల్ని పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెంచి మందు రాబట్టే విద్యలో చెయ్యి తిరిగింది. 2001లో లోవాస్టాటిన్ అనే కొలెస్టరాల్ మందుకు అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం తెచ్చుకుంది. జనం 'ఇంగ్లీషు మందు' అనుకునే ఈ లోవాస్టాటిన్‌ను ఏ రసాయనవేత్తా కాగితం మీద గీసి తయారుచేయలేదు. ఆస్పర్‌జిల్లస్ టెర్రియస్ అనే బూజు తన కోసం తాను చేసుకునే పదార్థం అది. స్టాటిన్లు అనే ఈ కొలెస్టరాల్ మందుల కథను మొదలుపెట్టినవాడు జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో. కొలెస్టరాల్ తయారీని ఆపే పదార్థం ఏ సూక్ష్మజీవిలోనైనా దొరుకుతుందేమోనని ఆయన వేలాది రకాల బూజుల్ని ఒక్కొక్కటిగా పరీక్షించాడు. చివరికి క్యోటోలోని ఒక బియ్యం కొట్లో గింజల మీద పట్టిన పెనిసిలియం బూజులో మొదటి స్టాటిన్ దొరికింది. 1987లో అమెరికా మార్కెట్‌కు వచ్చిన లోవాస్టాటిన్, ఆ తర్వాత వచ్చిన దాని తోబుట్టువులు గుండెపోటు నుంచి ఎందరిని కాపాడాయో లెక్క చెప్పడం కష్టం. అంటే 'కెమికల్' వైపు పెట్టిన ఆ మాత్రల వంశవృక్షం మొదలంటా ప్రకృతిదే.

ఇక గీతకు అవతలి వైపు చూద్దాం. చైనాలో శతాబ్దాలుగా బియ్యానికి మొనాస్కస్ అనే ఎర్రబూజు పట్టించి, అలా తయారైన ఎర్రబియ్యాన్ని వంటల్లోనూ వైద్యంలోనూ వాడుతున్నారు. 1979లో ఎండోయే ఈ మొనాస్కస్ నుంచి మొనాకొలిన్ కె అనే పదార్థాన్ని విడదీశాడు. తర్వాత తేలిందేమిటంటే అది అచ్చంగా లోవాస్టాటినే. ఒక్క పరమాణువు తేడా లేదు. కాబట్టి ఎర్రబియ్యం క్యాప్సూలు కొలెస్టరాల్ తగ్గిస్తే అందులో వింతేమీ లేదు, దానికి ఉండే సైడ్ ఎఫెక్టులు కూడా లోవాస్టాటిన్‌వే. అసలు తేడా కొలతలో ఉంది. 2010లో అమెరికాలో దొరికే 12 రకాల ఎర్రబియ్యం క్యాప్సూళ్లను పరీక్షిస్తే ఒక్కో క్యాప్సూల్లో మొనాకొలిన్ కె 0.1 మిల్లీగ్రాము నుంచి 10 మిల్లీగ్రాముల దాకా ఉంది. అంటే నూరు రెట్ల తేడా. నాలుగింటిలో సిట్రినిన్ అనే, కిడ్నీలను దెబ్బతీసే బూజు విషం కూడా కనిపించింది. ఇది ఎంతటి ప్రమాదానికి దారితీస్తుందో 2024 మార్చిలో జపాన్‌లో బయటపడింది. కొబయాషి అనే పేరున్న కంపెనీ అమ్మిన ఎర్రబియ్యం సప్లిమెంట్లు వాడి వందలాది మంది కిడ్నీ సమస్యలతో ఆస్పత్రుల్లో చేరారు. ఫ్యాక్టరీలో వేరొక బూజు చొరబడి ప్యూబెరులిక్ ఆమ్లం అనే విషాన్ని కలిపిందని దర్యాప్తులో తేలింది. చొరబడింది కూడా పెనిసిలియమే. ఒక పెనిసిలియం ప్రాణాలు నిలిపే మందునిచ్చింది, దాని దాయాది ప్రాణాల మీదికి తెచ్చింది. రెండూ నూటికి నూరుపాళ్లు ప్రకృతి సిద్ధమే. ప్రతి బ్యాచ్‌నూ పట్టి చూసే పరీక్ష సరిగ్గా ఉందా లేదా అన్నదే ఇక్కడ తేల్చాల్సిన సంగతి.

పసుపు సంగతి ఇంకా మనకు దగ్గరిది. దుగ్గిరాల, నిజామాబాద్ మార్కెట్లున్న జాతికి పసుపు గొప్పతనం ఒకరు చెప్పాలా అని మనకో ధీమా. అందులో రంగునిచ్చే కుర్కుమిన్ మీద ప్రయోగశాలల్లో, ఎలుకల్లో వచ్చిన ఫలితాలు నిజంగానే ఆశ పుట్టించేవి. అయితే గాజుగిన్నెలోని కణాలకూ మన రక్తానికీ మధ్య పేగు గోడ, కాలేయం అనే రెండు కాపలాలున్నాయి. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు ఈ సంగతిని నేరుగా కొలిచారు. ఆరోగ్యవంతులకు ఏకంగా 2 గ్రాముల కుర్కుమిన్ మింగించి రక్తం తీసి చూస్తే, కుర్కుమిన్ దొరకనే లేదు లేదా దొరికీ దొరకనంతగా ఉంది. కాలేయం, పేగు గోడ దానికి ఒక చక్కెర ఆమ్లాన్ని తగిలించి బయటికి సాగనంపేస్తాయి. అదే కుర్కుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పిపెరిన్, అంటే మిరియాల ఘాటుకు కారణమైన పదార్థం ఇస్తే, రక్తంలోకి చేరేది 2000 శాతం పెరిగింది. ఈ రోజు ప్రపంచమంతటా పసుపు క్యాప్సూళ్ల డబ్బాల మీద కనిపించే 2000 శాతం అన్న అంకె పుట్టింది ఈ బెంగళూరు ప్రయోగంలోనే. ఆ పరిశోధన పత్రం రచయితల్లో మిరియాల సారం అమ్మే సామీ ల్యాబ్స్ వ్యవస్థాపకుడు మహమ్మద్ మజీద్ కూడా ఉన్నారు. అంతమాత్రాన ఫలితం తప్పయిపోదు గానీ, చదివేవాడికి అది తెలిసి ఉండటం న్యాయం.

ఈ అంకెను వంటింట్లోకి తెచ్చి చూద్దాం. మామూలు పసుపులో కుర్కుమిన్ సుమారు 3 శాతం. ఆ లెక్కన 2 గ్రాముల కుర్కుమిన్ కావాలంటే 65 గ్రాములకు పైగా పసుపు తినాలి. పప్పులో చిటికెడు వేసే ఇల్లాలికి అది కొన్ని వారాల ఖర్చు. అంత మింగినా రక్తంలో కనిపించింది సున్నాకు దగ్గర, ఆ సున్నాకు దగ్గరదాన్నే మిరియం ఇరవై రెట్లు పెంచింది. శాతం పెద్దది, ఆ శాతం దేని మీద లెక్కగట్టారో అది చిన్నది. 2017లో అమెరికా రసాయనశాస్త్ర సంఘం పత్రికలో వచ్చిన ఒక సమీక్ష కుర్కుమిన్ మీద జరిగిన 120కి పైగా క్లినికల్ పరీక్షల్ని గుర్తుచేస్తూ, ఎవరికి అసలు మందో ఎవరికి ఉత్తుత్తి మాత్రో డాక్టరుకూ రోగికీ తెలియకుండా జరిపిన పరీక్షల్లో నెగ్గినది ఒక్కటీ లేదని కుండబద్దలు కొట్టింది. మోకాళ్ల నొప్పులకు కొంత ఉపశమనం చూపిన చిన్న పరీక్షలున్నాయి కాబట్టి ఆ మాట కాస్త కరుకే అనిపిస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1992లో ప్రచురించిన పరిశోధన ఇంతకంటే నిదానమైనది. 16 మంది పొగతాగేవాళ్లకు రోజుకు 1.5 గ్రాముల పసుపు నెల రోజులిస్తే, వాళ్ల మూత్రంలో జన్యువుల్ని పాడుచేసే పదార్థాలు తగ్గాయి. 1.5 గ్రాములంటే మనిషి తినగలిగిన మోతాదే. కానీ అది 16 మంది మూత్రంలో కనిపించిన మార్పు, క్యాన్సర్ తగ్గిందనడానికి రుజువు కాదు. ఈ రెండిటి మధ్య దూరాన్ని వ్యాపార ప్రకటనలు ఒక్క గెంతులో దాటేస్తాయి.

ఇంకో సంగతి. మిరియం కాలేయం కాపలాను సడలిస్తుందంటే, అది పసుపు ఒక్కదానికే తలుపు తీస్తుందనుకోవడం పొరపాటు. అదే కాపలా మీద ఆధారపడిన మూర్ఛ మందులు, గుండె మందుల మోతాదు కూడా రక్తంలో పెరగవచ్చు. ఈ గుణాన్నే కొలిచి వాడుకుంటే మేలు జరిగిన ఉదాహరణ కూడా మన దేశంలోనే ఉంది. జమ్మూలోని ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాల పని ఆధారంగా 2009లో క్షయకు రైసోరిన్ అనే మందు వచ్చింది. 10 మిల్లీగ్రాముల పిపెరిన్ జోడించడంతో అందులో రిఫాంపిసిన్ 450కి బదులు 200 మిల్లీగ్రాములే సరిపెట్టారు. కొలత తెలిస్తే మిరియం మందు భారాన్ని తగ్గిస్తుంది, తెలియకపోతే పెంచుతుంది. పసుపు క్యాప్సూళ్ల విషయంలో ఈ రెండో వైపు కనిపిస్తోంది. అమెరికాలో మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న రోగుల్ని నమోదు చేసే వైద్యుల బృందం పసుపుతో ముడిపడిన 10 కేసుల్ని వివరించింది. ఒకరు చనిపోయారు. 10 మందిలో ఏడుగురికి ఒకే రకం జన్యువు ఉంది. పరీక్షకు దొరికిన 7 డబ్బాలన్నిటిలోనూ ఉన్నది పసుపే, మూడింటిలో పిపెరిన్ కూడా ఉంది. కల్తీ అనడానికి లేదు. కోట్ల మంది తినే పప్పులోని పసుపుకు ఈ ప్రమాదాన్ని అంటగట్టడం మూర్ఖత్వం. పప్పులోని పసుపును చూపించి, ఎన్నో రెట్లు చిక్కబరిచి పేగు దాటేలా చేసిన క్యాప్సూలుకు హామీ ఇవ్వడం కూడా అలాంటిదే.

వేల ఏళ్లుగా పెద్దలు వాడారు, వాళ్లకు తెలియదా అని ఇక్కడ ఎవరైనా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. సర్పగంధి వేరు బీపీకి పనిచేస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ పత్రికలో ప్రపంచానికి చూపించినప్పుడు దాని వెనుక ఉన్నది మన వైద్య సంప్రదాయమే. కానీ సంప్రదాయం దారి చూపిస్తుంది, గమ్యం ఒక్కోసారి వేరేగా ఉంటుంది. మన పెరళ్లలో ఎవరూ నీళ్లు పోయకపోయినా పూసే బిళ్ళగన్నేరు సంగతే చూడండి. షుగరుకు దాని ఆకు కషాయం మంచిదన్న నమ్మకం మన దగ్గరే కాదు, జమైకాలోనూ ఉంది. 1950లలో ఆ ఆకులు కెనడాలో రాబర్ట్ నోబుల్ చేతికి వెళ్లాయి. ఎలుకలకు ఇస్తే షుగరు తగ్గలేదు, తెల్లరక్తకణాలు పడిపోయాయి. షుగరు రోగికి అది ముప్పు, రక్త క్యాన్సర్ రోగికి అదే ఆశ. అలా 1958లో విన్‌బ్లాస్టిన్, ఆ వెనకే విన్‌క్రిస్టిన్ వచ్చాయి. పసిపిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో విన్‌క్రిస్టిన్ ఇప్పటికీ తప్పనిసరి. పెద్దలు ఆ మొక్కలో ఏదో ఉందని గుర్తించారు, ఆ ఏదో ఏమిటన్నది కొలిచాకే తెలిసింది. షుగరుకని రోజూ ఆ ఆకు నమిలేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

కోవిడ్ కాలం ఈ చర్చను మన వాకిట్లోకి తెచ్చింది. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య అనే నాటువైద్యుడు కోవిడ్‌కు ఇచ్చే మందుల కోసం వేలాది మంది బారులు తీరారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి పరీక్షకు పంపింది, నెలాఖరున కంటి చుక్కలు మినహా మిగతావాటికి అనుమతిచ్చింది. హాని లేదు, అయితే కోవిడ్ తగ్గుతుందనడానికి ఆధారమూ లేదు అన్నది ఆ అనుమతిలోని సారం. హాని లేదన్న సగం ఊరూరా మోగింది, రెండో సగం ఫైల్లో ఉండిపోయింది. అదే రోజుల్లో తిప్పతీగ కషాయం ఇంటింటికీ చేరింది. 2021లో ముంబై డాక్టర్లు కాలేయం వాచిన ఆరుగురు రోగుల్ని, మరుసటేడు దేశంలోని పలు ఆస్పత్రుల డాక్టర్లు కలిసి 43 మందిని తిప్పతీగతో ముడిపెట్టి ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. అచ్చం అలాగే కనిపించే వేరొక జాతి తీగను పొరపాటున వాడి ఉంటారని వాదించింది. ఆ వాదన నిజమే అనుకుందాం. అప్పుడు తేలేదేమిటి? బజారులో కొన్న పొడి ఏ తీగదో కొన్నవాడికి గానీ అమ్మినవాడికి గానీ తెలిసే దారి లేదని. తిప్పతీగను కాపాడబోయిన వాదన, కొలత లేని సరుకును నమ్మవద్దన్న వాదనకే బలమిచ్చింది.

ఇంగ్లీషు మందులు మాత్రం కాలేయాన్ని పాడుచేయవా అంటే, చేస్తాయి. పారాసెటమాల్ మోతాదు మించితే ప్రాణమే తీస్తుంది. కానీ ఎంత మించితే, ఎవరికి, ఎన్ని గంటల్లో, విరుగుడేమిటి అన్నవి పుస్తకాల్లో ఉన్నాయి. మొక్కల మందుల పక్షాన నిజంగా బరువున్న అభ్యంతరం డబ్బుది. పసుపు మీద ఎవరికీ గుత్తహక్కు రాదు కాబట్టి వేలమందిపై పరీక్షకు ఏ కంపెనీ కోట్లు పోయదు. 1995లో గాయాలకు పసుపు వాడకం మీద అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. మనకు గర్వకారణమే. కానీ సొత్తు అందరిదీ అయినప్పుడు దాన్ని పరీక్షించే ఖర్చు కూడా అందరిదీ కావాలి, అంటే ప్రభుత్వానిది. పేటెంటు మీద పెట్టిన పట్టుదలలో సగమైనా ఆ పరీక్షల మీద కనిపించలేదు.

ఈలోగా ఒకే పసుపు సారం ఆయుర్వేద మందు లైసెన్సుతోనూ వస్తుంది, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరుతో ఆహార సప్లిమెంటుగానూ వస్తుంది. రెండో రకం డబ్బా మీద, ఇది ఔషధంగా వాడేందుకు కాదు అని అచ్చు వేయాలని 2016 నాటి నిబంధన. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంటుంది, ముందువైపు మోకాలి బొమ్మ ఉంటుంది. కొన్నవాడు ముందువైపు చూసి కొంటాడు, డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం వెనకవైపు మాటే నమ్ముతాడు. "మందులేమైనా వాడుతున్నారా?" అంటే "లేదు సార్, బీపీ మాత్ర ఒక్కటే" అంటాడు. రక్తం పలచబడే మందు రాసేముందు, ఆపరేషన్‌కు తేదీ వేసేముందు డాక్టరుకు తెలియాల్సిన సంగతి అక్కడే జారిపోతుంది. బీపీ, షుగరు, అలర్జీలకు ఓపీ చీటీలో ఇప్పటికే గడులున్నాయి. కషాయాలు, పొడులు, క్యాప్సూళ్ల పేర్లు రాసుకోవడానికి ఇంకొక గడి చేర్చడానికి ఏ పరిశోధనా అక్కర్లేదు, ఆ పేజీని మళ్లీ అచ్చు వేయిస్తే చాలు.