నవీకరణము నడుమ నిలిచినప్పుడు

ఈ పూట నేను మాటలాడబోవునది లినక్స్ కంప్యూటరును గూర్చి. అందును ఆ కంప్యూటరునకు చేయు నవీకరణము, అనగా వాడుకలో 'అప్‌డేటు' అనునది, నడుమ చెడినప్పుడు ఏమి చేయవలెనను దానిని గూర్చి. ఇది యంత్రజ్ఞుల గొడవ, మనకేల యని రేడియో కట్టివేయకుడు. నేను చెప్పబోవు మందులో ముక్కాలు వంతు చదువుట యను పనియే. చదువు వచ్చిన ప్రతివారికిని అది సాధ్యము.

మొదట నా తెలివితక్కువతనమును ఒకదానిని మనవి చేసెదను. మా ప్రాంతమున ఒక చిన్న గ్రంథాలయము కలదు. దాని గ్రంథపాలకులు వృద్ధులు. బీరువాలలోని పాత పుస్తకముల పేర్లు, రచయితల పేర్లు, ముద్రణ సంవత్సరములు ఒక్కొక్కటిగా చూచి, ఎనిమిది మాసములు శ్రమించి, కంప్యూటరులో పట్టికగా ఎక్కించిరి. ఆ కంప్యూటరులో నున్నది డెబియన్ అను లినక్స్. ఒకనాటి సాయంకాలము అప్‌డేటు జరుగుచుండగా కరెంటు పోయినది. మరునాడు యంత్రము లేచినది గాని, పట్టికను తెరచు లిబ్రె ఆఫీసు లేవలేదు. మరల అప్‌డేటు చేయబోగా, తెరపై ఒక ఆంగ్ల వాక్యము కనిపించి అంతటితో ఆగిపోవుచుండెను. నాకు కబురు వచ్చినది.

నేను వెళ్లి, నాలుగు మీటలు నొక్కి చూచి, అనుభవశాలియగు వైద్యునివలె తల యూపి, "అంతా తుడిచివేసి క్రొత్తగా పెట్టవలెనండీ, గంట పని" అంటిని. పెద్దాయన ముఖము వాడినది. "మరి నా పట్టిక?" అనిరి. దానికి వేరొకచోట ప్రతి యేదైన కలదా యని అడిగితిని. లేదు. కొంతసేపు ఊరకుండి ఆయన, "నాకు ఇంగ్లీషు రాదు బాబూ. ఆ తెరమీద ఏదో వ్రాసి ఉన్నదే, అదేమిటో కాస్త తెలుగులో చెప్పు" అనిరి.

ఆ వాక్యమును నేను అప్పటికి నాలుగుసార్లు చూచితిని, ఒక్కసారియు చదువలేదు. ఆయన కొరకై మాటకు మాటగా చదివి తెలుగు చెప్పితిని. "డీపీకేజీ పని నడుమ ఆగిపోయినది. దీనిని సరిచేయుటకు మీరే స్వయముగా ఈ ఆజ్ఞను నడుపవలెను" అని దాని యర్థము. ఆజ్ఞయు అందులోనే యున్నది. రోగము పేరు, మందు పేరు రెండును ఆ యొక్క వాక్యమున నున్నవి. ఎలుక మీది కోపమున ఇంటికి నిప్పు పెట్టువానివలె నేను ఎనిమిది మాసముల శ్రమను తుడిచివేయ బూనితిని.

ఈ వాక్యము అర్థము కావలెనన్న, నవీకరణమెట్లు జరుగునో కొంచెము తెలిసికొనవలెను. లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లండు దేశపు విద్యార్థి 1991వ సంవత్సరమున లినక్స్ కెర్నెలును లోకమునకు వెల్లడించెను. కెర్నెలు అనగా యంత్రమునకును, దానిపై నడుచు కార్యక్రమములకును నడుమ నిలిచి పని నడపించు భాగము. దానికి ఇతర ఉపకరణములను చేర్చి, జనులు వాడుకొనదగిన రూపమున అందించు ప్రయత్నములలో ఒకటి ఇయాన్ మర్డాక్ 1993లో ఆరంభించిన డెబియన్. 2004లో వెలువడిన ఉబుంటు డెబియన్ నుండి పుట్టినదే. ఈ రెండింటిలోను నవీకరణమునకు ఇద్దరు పనివారు కలరు. ఒకడు ఆప్ట్, అంగడికి పోయి సరుకు తెచ్చువాడు. రెండవవాడు డీపీకేజీ, తెచ్చిన సరుకును ఇంటిలో సర్దువాడు.

పని నాలుగు మెట్లుగా జరుగును. మొదట ఆప్ట్ క్రొత్త సరుకుల జాబితాను తెచ్చును. రెండవది, కావలసిన ప్యాకేజీలను దింపుకొనును. మూడవది, డీపీకేజీ ఆ మూటలను విప్పి పాతవాటి స్థానమున క్రొత్తవి పెట్టును. నాలుగవది, వానిని యంత్రమునకు తగినట్లు అమర్చును. మన దుకాణదారు చిట్టా వ్రాయునట్లు, డీపీకేజీ ఏ ప్యాకేజీ ఏ మెట్టున నున్నదో ఎప్పటికప్పుడు ఒక చిట్టాలో వ్రాసికొనును. కరెంటు పోయినను చిట్టా యుండును. కావుననే, తిరిగి లేచిన పిమ్మట "ఇంతవరకు వచ్చితిని, మిగిలినది పూర్తిచేయుటకు సెలవిండు" అని అది మనలను అడుగుచున్నది. గ్రంథాలయమున లిబ్రె ఆఫీసు లేవకుండుటకు కారణమిదియే. దాని భాగములలో కొన్ని క్రొత్తవి, కొన్ని పాతవి. ఒకదానితో నొకటి పొసగలేదు.

ఇంత బాధ యున్నప్పుడు నవీకరణము మానివేసిన నేమి యని కొందరందురు. అది తగదు. 2014వ సంవత్సరమున ఓపెన్ ఎస్ఎస్ఎల్ అను రహస్యరక్షణ సాధనములో 'హార్ట్‌బ్లీడ్' అను లోపము బయటపడినది. దాని మూలమున దూరముననున్న దొంగ యంత్రపు జ్ఞాపకములోని రహస్యములను కొంచెము కొంచెముగా లాగికొనగలిగెను. దానిని కప్పుటకు మార్గము నవీకరణమే. తలుపు గొళ్లెము విరిగెనని తెలిసియు బాగుచేయించుకొనని యిల్లు ఎంత భద్రమో, నవీకరణము లేని యంత్రమును అంతే భద్రము.

ఇక చికిత్స. మొట్టమొదటి పని, మన సొంత పత్రములకు ఒక ప్రతి తీసికొనుట. యంత్రము లేచుచున్నంతసేపు అది సులభము. నేను పట్టికను ముందుగా ఒక పెన్ డ్రైవులోనికి ఎక్కించి, పెద్దాయన చేతికిచ్చితిని. ఆయన దానిని జేబులో వేసికొని, పైనుండి చేయి తీయలేదు. అప్పుడు గాని నాకును ధైర్యము చిక్కలేదు.

రెండవ పని, తెర చెప్పిన మందు వేయుట. టెర్మినల్ తెరచి, 'సుడో' అని వ్రాసి, ఎడము విడిచి 'డీపీకేజీ' అని, మరల ఎడము విడిచి రెండు అడ్డగీతలతో 'కాన్ఫిగర్' అని, ఇంకొక ఎడము విడిచి ఒక అడ్డగీతతో 'ఎ' అని వ్రాయవలెను. అక్షరములన్నియు ఆంగ్లపు చిన్నబడి అక్షరములు. సగములో నున్నవానినెల్ల అమర్చుమని దాని భావము. అట్లు చేసితిని. వరుసలు గబగబ పరుగెత్తినవి, మరల ఆగినవి. కట్టకడపటి వరుస చూడగా, "పనిలో దోషము కలిగినది" అనుటయే గాని, ఏ దోషమో అందు లేదు.

ఇచ్చట ఒక సూత్రము చెప్పెదను, దయచేసి గుర్తుంచుకొనుడు. కడపటి తప్పును గాదు, మొదటి తప్పును చదువుడు. ఒక గోడ పడిన దానిపై దూలము పడును, దూలము మీద పెంకులు పడును. మనకు మొదట కనుపించునవి పెంకులే. తెరను పైకి జరుపుకొనుచు పోగా మొదటి తప్పు దొరకినది: "ఉపకరణమునందు చోటు మిగిలిలేదు" అని. తెర మూసివేసినను చింత లేదు. 'వార్' అను సంచిలో 'లాగ్', అందు 'ఆప్ట్' అనుచోట ఆప్ట్ నడిపించిన పనుల వివరము వ్రాసియుండును.

చోటు లేకుండుట నవీకరణములు చెడుటకు తరచుగా కనబడు కారణము. 'డీఎఫ్' అని వ్రాసి, ఎడము విడిచి, ఒక అడ్డగీతతో 'హెచ్' అని చేర్చినచో ఏ విభాగమున నెంత చోటు మిగిలినదో తెలియును. ఆ యంత్రమున పెద్ద విభాగము సగము ఖాళీగానే యున్నది. కాని యంత్రమును లేపుటకు వలయు కెర్నెళ్లుండు 'బూట్' అను చిన్న విభాగము నిండిపోయినది. క్రొత్త కెర్నెలు వచ్చినప్పుడు, అది లేవకపోయిన అక్కరకు వచ్చునని పాతదానిని ఉంచుదురు. తీయువారు లేకున్న అవి పేరుకొనును.

ఇచ్చట తొందర పనికిరాదు. ఆ విభాగములోని ఫైళ్లను చేతితో చెరిపివేయకుడు. చిట్టాలో నున్నవి ఇంటిలో లేకపోవును, చిక్కు ద్విగుణమగును. 'యూనేమ్' అని వ్రాసి, ఎడము విడిచి, ఒక అడ్డగీతతో 'ఆర్' అని చేర్చిన, ఇప్పుడు నడుచుచున్న కెర్నెలు ఏదియో తెలియును. దానిని ఎన్నడును తీయరాదు. నేను దానిని, మరియొకదానిని విడిచి, మిక్కిలి పాతవగు రెండింటిని డీపీకేజీ చేతనే తీసివేయించితిని. మరల మొదటి ఆజ్ఞ నడుపగా ఈసారి నిరాటంకముగా సాగినది. తరువాత ఆప్ట్‌నకు 'ఫిక్స్ బ్రోకెన్ ఇన్‌స్టాల్' అను ఆజ్ఞ నిచ్చి, కొరవడిన భాగములను తెప్పించితిని. 'ఫిక్స్'కు ముందు రెండు అడ్డగీతలు, 'ఫిక్స్', 'బ్రోకెన్'ల నడుమ ఒక అడ్డగీత యుండవలెను. లిబ్రె ఆఫీసు లేచినది, పట్టిక తెరచుకొన్నది. అంతకు గంట పట్టలేదు.

అందరి యంత్రములకును రోగమిదియే కాదు గనుక, తక్కిన నాలుగు లక్షణములను గూడ చెప్పెదను.

మొదటిది, తాళము. "తాళము దొరకలేదు" అని తెర చెప్పును. ఇద్దరు ఒకేసారి చిట్టా వ్రాయకుండుటకై ఈ తాళము. క్రొత్త ఆప్ట్ తాళము ఎవరి చేతనున్నదో గూడ చెప్పును; తరచుగా అది తనంతట జరుగు నవీకరణమే. కొంతసేపు వేచియుండుడు. తాళపు ఫైలును చెరిపివేయుమని సలహా యిచ్చువారు కలరు. వినకుడు. తాళము ఆ ఫైలు ఉండుటలో లేదు. నడుచు కార్యక్రమమునకు కెర్నెలు ఇచ్చిన హక్కులో నున్నది. ఆ కార్యక్రమము ముగిసిన తాళము తానే ఊడిపోవును. నడుచుచుండగా ఫైలును తీసిన, ఇద్దరు గుమాస్తాలు ఒక చిట్టాలో ఒకేసారి వ్రాసి పాడుచేయుదురు.

రెండవది, గడియారము. పాత యంత్రములలోని చిన్న బ్యాటరీ ఆరిపోయిన, తేదీ ఏండ్లు వెనుకకు పోవును. సరుకుల జాబితాపై తేదీ యుండును గనుక, "ఈ జాబితా ఇంకను చెల్లుబాటునకు రాలేదు" అని ఆప్ట్ దానిని త్రోసివేయును. తేదీ సరిచేసిన చాలును.

మూడవది, ముద్ర. జాబితాలకు భాండాగారమువారి ముద్ర యుండును. ఆ ముద్రను పోల్చు తాళపుచెవి మనయొద్ద లేకున్న, "చెవి లేదు" అని తెలియజేయును. భాండాగారము నడుపువారి యొద్దనుండియే చెవి తెచ్చికొనవలెను. ముద్ర చూడకుండ సరుకు దింపించు ఉపాయములు లేకపోలేదు. అవి వాకిట కావలివానిని పంపివేయుటతో సమానము.

నాలుగవది, కాలము తీరుట. "నాలుగువందల నాలుగు, కానరాలేదు" అని వచ్చినచో, మొదట జాబితాను క్రొత్తగా తెప్పించి చూడుడు. అప్పటికిని రాకున్న, మన సంచిక కాలము తీరినదేమో విచారింపుడు. 2019లో వెలువడిన పదవ డెబియన్‌కు దీర్ఘకాలపు పోషణయు 2024 జూనుతో ముగిసినది. అట్టి సంచికల సరుకును పాత భాండాగారములకు తరలింతురు. అప్పుడు చేయవలసినది మరమ్మతు గాదు, క్రొత్త సంచికకు మారుట.

నవీకరణమైన పిమ్మట యంత్రమే లేవకున్ననో? అప్పుడును నిరాశ వలదు. లేచునప్పుడు వచ్చు గ్రబ్ అను పట్టికలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' అను వరుస కలదు. దానిలో పాత కెర్నెలు నెంచుకొన్న, తరచుగా యంత్రము లేచును. పాతదానినొకదానిని ఉంచుడని నేను చెప్పుట ఇందులకే.

అన్నియు చేసినను బాగుకాని యంత్రములు లేకపోలేదు. అప్పుడు క్రొత్తగా పెట్టుట తప్పు గాదు. కాని అది కడపటి మందు; ప్రతి చేతికందిన పిమ్మటనే వేయవలసిన మందు.

ఆనాటినుండి గ్రంథపాలకులు రెండు పనులు చేయుచున్నారు. ప్రతి శనివారము పట్టికకు ప్రతి తీసి, పెన్ డ్రైవును ఇంటికి కొనిపోవుచున్నారు. తెరపై క్రొత్త వాక్యమేది వచ్చినను, అక్షరములు చూచి ఒక నోటుబుక్కులో బొమ్మ గీసినట్లు దించుకొని, నేను వెళ్లినప్పుడు చూపుచున్నారు. ఇంగ్లీషు రాని ఆ పెద్దాయన తప్పును అక్షరమక్షరము వ్రాసికొనుచుండగా, ఇంగ్లీషు వచ్చిన నేను దానిని చదువకయే తీర్పు చెప్పితిని. శ్రోతలలో నావంటివారు ఎవరైన ఉన్నయెడల, ఈసారి యంత్రము ఆగినప్పుడు చేయి మీటపై వేయుటకు ముందు ఆ మొదటి వరుసను ఒకసారి పైకి చదువుడని ప్రార్థించుచు, సెలవు తీసికొనుచున్నాను.