ఊదకండి... తుడవండి!

అమెరికాలో 1980లలో బాల్యం గడిపినవారిలో చాలామంది ఇప్పుడు తల్లిదండ్రులు. వారి ఇళ్లలో కొన్నింట, అటకమీద దుమ్ముపట్టిన బూడిదరంగు పెట్టె ఒకటి ఇంకా ఉంది. 1985లో న్యూయార్క్‌లో అమ్మకానికి వచ్చిన నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ అది. ఒకప్పుడు అన్నదమ్ములు వంతులకోసం పోట్లాడుకున్న ఆ పెట్టెను పిల్లలకు చూపిద్దామని టీవీకి తగిలిస్తారు. ఎర్రదీపం మిణుకుమిణుకుమంటుంది. ఆట మాత్రం రాదు. "పాడైపోయింది, పారేద్దాం" అంటారు. పారవేసేముందు దయచేసి ఈ నాలుగు మాటలు చదవండి.

పెట్టెలో ఒక తాళపు చిప్పు, క్యాసెట్టులో దానికి జోడీ చిప్పు ఉన్నాయి. అవి ఒకదానినొకటి గుర్తుపడితేనే ఆట సాగుతుంది. లేకపోతే తాళపు చిప్పు సుమారు సెకనుకొకసారి యంత్రాన్ని మళ్లీ మొదటికి తెస్తుంది. అనుమతిలేని క్యాసెట్లను ఆపడానికి పెట్టిన కాపలా అది. అసలైన క్యాసెట్టును కూడా అది ఆపుతున్నదంటే, చాలాసార్లు కారణం ఒక్కటే: మధ్యలోని లోహపు పిన్నులు సరిగా తగలడంలేదు.

ఈ లోపానికి ఒక కథ ఉంది. 1983లో అమెరికాలో వీడియో గేమ్‌ల వ్యాపారం కుప్పకూలింది. దుకాణదారులు ఆ పేరంటేనే జంకారు. అందుకే జపాన్‌లో పైనుంచి క్యాసెట్టు పెట్టే యంత్రాన్ని, అమెరికాకోసం వీసీఆర్‌లాగా ముందునుంచి తోసి కిందికి నొక్కేటట్లు మార్చారు. లోపలి 72 పిన్నుల కనెక్టరు కాలక్రమంలో వదులై, మురికిపట్టింది.

ఆనాటి పిల్లలకు తెలిసిన వైద్యం క్యాసెట్టు తీసి ఉఫ్‌మని ఊదడం. ఊదితే పనిచేసేది కూడా! నిజానికి మేలు చేసింది తీసి మళ్లీ పెట్టడమే. ఊపిరిలోని తేమ లోహాన్ని మెల్లగా తినేస్తుంది. ఊదవద్దని ఆ కంపెనీయే హెచ్చరించింది.

మరి ఏం చేయాలి? దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపి, క్యాసెట్టు అంచున మెరిసే పిన్నులను నల్లమురికి పోయేవరకు తుడవండి. పూర్తిగా ఆరనిచ్చి పెట్టిచూడండి. అప్పటికీ రాకపోతే, కరెంటు తీగ తీసివేసి, పెట్టెను బోర్లించి, అడుగున ఉన్న 6 స్క్రూలు స్టార్ స్క్రూడ్రైవర్‌తో విప్పండి. ఏ స్క్రూ ఎక్కడిదో కాగితంమీద గుర్తుపెట్టుకోండి. కనెక్టరును బోర్డునుంచి మెల్లగా లాగి, అదేవిధంగా శుభ్రంచేయండి. పిన్నులను సూదితో వంచకండి; మరీ బిగుసుకుంటే క్యాసెట్టు బయటికి రాదు. కొత్త కనెక్టర్లు దొరుకుతాయి.

ఎవరైనా దీనిని మన దేశానికి తెస్తే మరో జాగ్రత్త: అమెరికా అడాప్టరు 120 వోల్టులది. మన 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

చివరగా ఒక ముఖ్యమైన మాట. 1987లో అమెరికాలో వచ్చిన 'లెజెండ్ ఆఫ్ జెల్డా' వంటి క్యాసెట్లలో నాణెమంత బ్యాటరీ ఉంది. ఆనాడు ఆడిన పిల్లల పేర్లను, వారు చేరిన మజిలీని అదే నిలిపి ఉంచుతుంది. బ్యాటరీ తీసిన క్షణమే అవి చెరిగిపోతాయి. దూరమైన అన్నయ్య తన చేతితో నమోదుచేసుకున్న పేరు అందులో ఉండవచ్చు. కాబట్టి బ్యాటరీ మార్చేముందు తెరను ఫోటో తీయండి. వీలైతే, తెలిసినవారిచేత కంప్యూటర్‌లోకి నకలు తీయించండి.

ఈ పని ఒక్కరే చేయకండి. పక్కన మీ పిల్లలను కూర్చోబెట్టుకోండి. స్క్రూలు భద్రంగా పట్టుకోవడం వారి పని. ఎర్రదీపం మిణుకుమానేసి నిలకడగా వెలిగినప్పుడు, మొదటి వంతు వారికే ఇవ్వండి.